పేషీ

సిరొంచ సర్కారు దవాఖానలో నాకు రెండు పనులు.
ఒకటి నెత్తురు చూడటం. దానికి జీతముంది.
రెండోది మాట మార్చడం.
ఖోబ్రాగడే మేడం మరాఠీని
మంచం పక్కన తెలుగు చేసి దించుతాను.
దానికి ఎప్పుడైనా ఒక చాట, ఒక సిబ్బి.

మూడో మంచం బానక్కది. మేదరి మనిషి.
గోళ్ల కింద ఇంకా పచ్చి వెదురు పేళ్లు.
నాలుగు రోజుల జ్వరం, ఇటుక రంగు కళ్లె,
వేలికి తొడిగిన క్లిప్పు
ఎనభై నాలుగు దగ్గర మెట్టెక్కలేక కూర్చుంది.

మేడం అంది: పేషీ దెబ్బతింది,
పేషీ లోపలి పంజరం కూలిపోతోంది.
నేను నోరు తెరిచేలోపే
ఓదెలు గోడ పట్టుకొని లేచాడు.
"ఏ కోర్టు పేషీ సారూ?
బొంగుల కేసు పోయినేడే కొట్టేసిండ్రు గద."
జేబులోంచి కాయితం తీశాడు,
నాలుగు మడతల మీద అడవిశాఖ ముద్ర.

పేషీ అంటే కణం, అనాలి.
కణం అంటే అతనికి పొయ్యిలో కణకణ.
కింద కూర్చున్నాను.
అతని సంచిలోంచి ఒక బద్ద లాగాను.

నెత్తురు కాలవకు లోపల తడక ఉంటది మామా,
పలకకు పలక ఆనించి, చేతిలో చెయ్యేసి.
ఒక్కో పలక కడుపులో పుల్లలుంటయి,
బోలు పుల్లలు, నీ వెదురు లెక్కనే.
వాటిని లాగి పట్టే నారలుంటయి.
అటు నెత్తురు, ఇటు ఊపిరి బుడగ,
నడుమ గీ తడకొక్కటే.

మరి పురుగు తడకను కొరికిందా?

పురుగు కాదు. పురుగు విషం.
ఆ విషం తునకలు ముప్పై, నలభై
గుండ్రంగా చేరి, బతుకమ్మ ఆడినట్టు తిరిగి,
తిరిగిన చోట బెజ్జం చేస్తయి.
బయటి సున్నం లోపలికి దూకుతది.
నారలు బిగుస్తయి. పుల్లలు విరుగుతయి.
పలక ముడుచుకుంటది,
పక్కదాని చెయ్యి వదిలేస్తది.

ఓదెలు నా చేతిలో బద్దను చూశాడు.
"సందు పడితె నీళ్లు ఆగవు" అన్నాడు,
నాకు చెప్పినట్టు కాదు,
ప్రాణహితలో వల్లెల బుట్ట వేసినవాడు
బుట్టకు చెప్పినట్టు.

మేడం ఇంకో మాట చెప్పింది, కిటికీ వైపు తిరిగి.
నిన్నటి ఇంజెక్షను పురుగుల్ని చంపింది నిజమే,
కానీ కొన్ని పురుగులు చచ్చేటప్పుడు పగులుతాయి,
బతికుండగా దాచుకున్న విషం
అప్పుడే ఒలుకుతుంది.
మందు ఇవ్వకపోతే మనిషి లేదు. ఇచ్చాక ఇది.

ఈ ఒక్క మాట నేను మార్చలేదు.
నాలుక మీదే ఉంది, మింగాను.
ఓదెలు నా గొంతు కదలడం చూశాడనుకుంటాను.
ఏమీ అడగలేదు.

రాత్రి కరెంటు పోయింది, వచ్చింది.
సిలిండరు మార్చాం. గడ్చిరోలి బండికి ఫోను కొడితే
ఆలాపల్లి దగ్గర లారీ అడ్డం పడిందన్నారు.
బానక్క ఊపిరి
నీళ్లలో ముంచిన బొంగులో ఊదినట్టు బుడబుడ.
వరండాలో ఓదెలు కత్తి తీశాడు, వాచ్‌మన్ అరిచాడు,
కత్తి లోపల పెట్టి
గోళ్లతోనే బద్ద చీల్చుతూ కూర్చున్నాడు.

"లోపలికి చెయ్యి పోదు గద.
ఎవలు అల్లుతరు మళ్ల?"
ఎవరూ అల్లరు మామా. పలకలే అల్లుకుంటయి.
విరిగిన పుల్లల ముక్కల్తోనే
కొత్త పుల్ల కట్టుకుంటయి. టైము దొరికితే.
"టైము ఎవలిస్తరు?"
సిలిండరు మీటరు చూపించాను. ముల్లు సగానికి ఉంది.

తెల్లవారి నాలుగున్నరకు క్లిప్పు చూశాను,
తుడిచి మళ్లీ తొడిగాను.
ఎనభై ఆరు.
మేడం నిద్రలో ఉంది, మార్చడానికి మరాఠీ లేదు.
రెండు పెరిగింది, అన్నాను.

"రెండంటె ఎంత?"

గంప అడుగున రెండు బద్దలు.

నన్ను నమ్మాలా అని చూశాడు.
ఒళ్లోని బద్దలు రెండు తీసి
ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి
బొటనవేలితో నొక్కి పట్టాడు.
"మొదలు గింతనే ఉంటది" అన్నాడు.
వేలు తియ్యలేదు.